ఎలుగుబంటి వెంట్రుకలకు స్టీలు గిన్నె

ఒక చలికాలమంతా మా మంచం కింద ఎలుగుబంటి వెంట్రుకలు ఉండేవి. పాత బిస్కెట్ల డబ్బాలో, తెల్ల కాగితపు కవర్లలో, ఒక్కో కవరు మీద ఒక్కో చెట్టు గుర్తుతో, బుద్ధిగా ఉండేవి. వాటికి ఒకవైపు బూరుగు దూది మూటలు, ఇంకోవైపు మా అత్త ఎండుమిరపకాయల డబ్బా. ఎలుకలూ చీమలూ తిరిగే ఆ చోట అవి అన్నాళ్లు చెడకుండా ఉన్నాయంటే అది అల్లా దయ. చివరికి వాటి మీదికి ముప్పు తెచ్చింది ఎలుకలు కాదు, మా ఇంటి మంచితనమే.

మాది పెనుకొండలో పరుపులు కుట్టే ఇల్లు. కింద దూది మిషను, గుడ్డలు, మేము. మిద్దె మీద రేకుల గది. ఆ గది అద్దెకు కావాలని ఒక అమ్మాయి వచ్చింది. అడవి జంతువుల మీద పరిశోధన చేస్తోందట, కోస్తా వైపు పిల్ల, మగపిల్లాడిలా జుట్టు కత్తిరించుకుని ఉంది. గదికి నీళ్లు వస్తాయా, కరెంటు ఉంటుందా అని అడగలేదు. కిటికీ తీస్తే కొండ కనిపిస్తుందా అని అడిగింది.

"కొండ కనపడని ఇల్లు ఈ ఊర్లో యాడుండాదమ్మా," అన్నాడు మా ఆయన. "మూసినా కనపడతాది."

నేను బడికి పోలేదు. మా నాయన దూది ఏకుతూ, పరుపు గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతో, ఆ గుడ్డ మీదే నాకు అక్షరాలు రాయించాడు. నేను నేర్చుకున్న 'అ ఆ'లన్నీ ఎవరెవరి పరుపుల్లోకో కుట్టుకుపోయాయి. ఆ సుద్దముక్కకూ ఆయన ఓపికకూ ఏదో ఒక పూట నమాజులో ఇప్పటికీ కృతజ్ఞత చెప్పుకుంటాను. చదవడం వచ్చిందని అమ్మాయి కాగితాలు చూసేదాన్ని. నేను చూస్తున్నానని ఆ అమ్మాయి తన పనంతా నాకు చెప్పేది. టీచరు పెట్టుకోలేని వాళ్లకు దేవుడు టీచర్లను మిద్దె మీదికి అద్దెకు పంపుతాడు.

ఆమె పని, మా కొండ మీద ఎలుగుబంట్లు ఎన్ని ఉన్నాయో తేల్చడం.

"చూసి లెక్కపెట్టుకుంటే సరిపోయె గదా," అన్నాను.

"ఇవాళ ఒకటి కనిపించింది, రేపు ఒకటి కనిపించింది అక్కా. అవి రెండా, ఒకటే రెండుసార్లా?"

"దాన్నే అడగాల."

"అదే నేను చేసేది," అంది.

మొదట కెమెరాతో అడిగింది. చెట్టుకు కడితే, ఎదురుగా ఒంట్లో వేడి ఉన్న ప్రాణి ఏది కదిలినా దానంతట అదే ఫోటో తీసుకునే కెమెరా అది. కట్టిన చోట మేకలు వచ్చాయి. మేకలు ముందు నుంచి, మేకలు పక్క నుంచి, కెమెరాను నాకుతున్న మేక నాలుక. తర్వాత కట్టెలకు పోయే ఆడవాళ్లు. ఆ తర్వాత కెమెరా సంగతి కనిపెట్టిన ఒకాయన, రోజూ తల దువ్వుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని వచ్చి దాని ముందు నిలబడేవాడు. ఎలుగుబంటి ఒక్కసారి వచ్చింది. వెనక సగం మాత్రం పడింది. ఆ ఫోటో చూసి వాళ్ల సారు, "ఇది బండరాయి కాదని నువ్వెలా చెప్తావు?" అని ఫోనులో అడిగాడట.

అప్పుడు వెంట్రుకల పని మొదలుపెట్టింది. ఎలుగుబంట్లు వీపు రుద్దుకునే చెట్లు కొన్ని ఉంటాయి. బెరడు నున్నగా అరిగిపోయి ఉంటుంది. ఆ చెట్టుకు చిన్న ముళ్ల తీగ ముక్క చుడుతుంది. ఎలుగుబంటి వచ్చి తన సుఖం కోసం రుద్దుకుంటుంది, నాలుగు వెంట్రుకలు ముల్లుకు వదిలి పోతుంది. దానికేమీ నొప్పి ఉండదు. అమ్మాయి చేతులకు తొడుగులు వేసుకుని, చిన్న పట్టకారుతో వాటిని తీసి, కాగితపు కవరులో వేసి, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లం ఒకటి తోడు పెట్టి, ఏ చెట్టుదో రాస్తుంది. తర్వాత ముల్లును లైటరుతో కాలుస్తుంది, పాత వెంట్రుక కొత్తదానితో కలవకూడదని.

"వెంట్రుక మొదట్లోనే దాని ఆధార్ కార్డు ఉంటుంది అక్కా. ల్యాబులో చూస్తే ఆడదో మగదో, ఈ చెట్టు దగ్గర రుద్దుకున్నదీ ఆ చెట్టు దగ్గర రుద్దుకున్నదీ ఒకటేనో కాదో, అన్నీ చెప్తారు."

ఆ రోజు తల దువ్వుకుంటుంటే దువ్వెనలోకి వచ్చిన వెంట్రుకను చాలాసేపు చూశాను. ప్రతి వెంట్రుక మొదట్లో ఎవరిదో రాసి పెట్టిన వాడి ఓపిక ఎంతటిది. మనం రాయిస్తే ఒక్క కార్డులోనే తప్పులు పడతాయి.

ఆ కవర్ల మీద అమ్మాయి బతుకంతా ఉంది. ల్యాబులో ఆమెకు ఒకే ఒక రోజు వంతుగా ఇచ్చారు. ఆ రోజుకు వెంట్రుకలు అందిస్తే మా కొండ ఎలుగుబంట్ల కొండగా ఆమె పటంలోకి ఎక్కుతుంది. అందకపోతే వాళ్ల సారు తన జాబితాలోంచి ఈ కొండ పేరు కొట్టేసి, ఆమెను వేరే జిల్లాకు పంపి, అంతా మొదటి నుంచి చేయిస్తాడు. అమ్మాయికి అంతకంటే పెద్ద దిగులు ఇంకొకటి. కొండ వెనకవైపు రాళ్లు కొట్టుకుంటామని ఎవరో అడుగుతున్నారట. పటంలో ఎలుగుబంట్లు లేకపోతే వద్దనడానికి ఎవరి దగ్గరా కారణం ఉండదు.

రేకుల గదిలో పగలు వేడి. వెంట్రుకలు చల్లగా ఉండాలి. అందుకని డబ్బా మా మంచం కిందికి వచ్చింది. మా ఆయనకు చెప్పాను, ముట్టుకోలేదు. మా అత్తకు చెప్పడానికి ఆమె ఊర్లో లేదు. మా ఆడబిడ్డ కాన్పుకని మడకశిర పోయి, చలికాలమంతా అక్కడే ఉండి, అమ్మాయి ల్యాబుకు బయల్దేరే వారం ముందు తిరిగి వచ్చింది.

మా అత్త గురించి ఒక మాట చెప్పాలి. మా వైపు ఆడవాళ్లు దువ్వెనలో వచ్చిన వెంట్రుకలను పారెయ్యరు. వేలికి చుట్టి, ఉండ చేసి, గోడ సందులో దాస్తారు. మోపెడ్ మీద గిన్నెలు కట్టుకుని "తలెంటికలకు స్టీలు గిన్నెలూ" అని అరుస్తూ ఒకాయన వస్తాడు. ఉండలు తీసుకుని గిన్నె ఇస్తాడు. బేరంలో మా అత్తను మించిన వాళ్లు మా వీధిలో లేరు. పక్కిళ్ల వాళ్లు కూడా తమ ఉండలు తెచ్చి ఆమె చేత బేరం చేయించుకుంటారు. ఆమె తల పూర్తిగా నెరిసింది, గోరింటాకు పెట్టి పెట్టి ఆ నెరుపు పండిన నారింజ రంగులోకి తిరిగింది.

మడకశిర నుంచి వచ్చిన మరునాడే మిరపకాయల కోసం మంచం కిందికి వంగి ఆ డబ్బా చూసింది. మూత తీసింది. ఒక కవరు విప్పింది. లోపల పొట్టిగా, నల్లగా, బిరుసుగా వెంట్రుకలు. మిద్దె మీద పొట్టి జుట్టు పిల్ల. మా అత్త మనసు కరిగిపోయింది.

ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచి కొండ దిగి వచ్చిన అమ్మాయిని పట్టుకుని, కూర్చోబెట్టి, తలకు ఆముదం పట్టించడం మొదలుపెట్టింది. అద్దెకున్న వాళ్లకు ఈ ఊర్లో ఇలా చేస్తారేమో అనుకుని అమ్మాయి కూర్చునేది.

"నీకు తల మింద శ్రద్ధ లేదు పాపా."

"ఏమైందవ్వా?"

"ఏంగాలేదు. నాకన్నీ తెలుసు. ఇంత వయసు పిల్లకు అంత బిరుసు పనికి రాదు."

అమ్మాయి పైకి పోతూ నన్ను ఆపి, తన తల తడుముకుంటూ అడిగింది. "నిజం చెప్పక్కా, నా జుట్టు అంత ఘోరంగా ఉందా?" బాగానే ఉంది అన్నాను. నిజంగా బాగానే ఉంది, ఆముదం ఓడుతూ.

ల్యాబుకు బయల్దేరే ముందు రోజు అమ్మాయి ముళ్ల తీగలు విప్పడానికి కొండకు పోయింది. నేనూ మా ఆయనా పెళ్లి పరుపు ఇచ్చి రావడానికి పరిగి పోయాం. ఆ మధ్యాహ్నం గిన్నెలాయన వచ్చాడు.

మరునాడు పొద్దున అమ్మాయి సంచీ తగిలించుకుని కిందికి దిగింది. సాయంత్రం ధర్మవరంలో రైలు ఎక్కాలి. డబ్బా తీసుకుందామని వచ్చింది. మా అత్త ఎదురు పోయి, కొంగు కింద నుంచి ఒక స్టీలు గిన్నె తీసి ఆమె చేతిలో పెట్టింది.

"నీదే పాపా. మూత గూడ ఉండాది, పాల మింద పెట్టినా. నువ్వు కుక్కరు మూతలో బువ్వ తినడం నేను సూడలేకపోతాండా."

"ఎందుకవ్వా ఇదంతా?" అంది అమ్మాయి.

"ఎందుకేముండాది. నీ ఎంటికలకే వచ్చింది. వాడు చిన్న గిన్నె ఇస్తానన్యాడు. నేను ఇడిసిపెడతానా."

అమ్మాయి తన తల తడుముకుంది. తర్వాత నన్ను చూసింది. నేను వంగి మంచం కింద చూశాను. డబ్బా ఉండే చోట దుమ్ము లేని చదరం ఒకటి ఉంది.

"అత్తా, డబ్బా యాడ?"

"దాన్నీ ఇచ్చినా. డబ్బా కలిపితేనే మూత ఇస్తానన్యాడు."

"అత్తా, ఆ ఎంటికలు పాపవి కాదు."

"మరి ఎవురివి?"

"ఎలుగొడ్డువి."

మా అత్త కిటికీలోంచి కొండను చూసింది. అమ్మాయిని చూసింది. "ఎలుగొడ్డు ఎంటికలు మన మంచం కింద ఎందుకుండాయి?" అంది. అడగవలసిన ప్రశ్నే. చెప్పబోతే పొద్దుగూకుతుంది.

అమ్మాయి దూది మూట మీద కూలబడింది. ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చడం మాకు వచ్చు. ఊరికే గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. "సాయంత్రం రైలుకు ఆ కవర్లు లేకపోతే ఇంక నేను పోయి ఉపయోగం లేదక్కా," అంది.

మా అత్త గిన్నె తిరిగి తీసుకుని కొంగు దోపుకుంది. "లెయ్ పాపా. వాడు హిందూపురమోడు, మార్కెట్ ఎనకాల ఇల్లు అని చెప్పినాడు. బేరం చేసింది నేను, ఇడిపించేది నేనే. బిన్న లెయ్, పొద్దు పోతాది."

ముగ్గురం హిందూపురం బస్సు ఎక్కాం. ఖాళీ గిన్నెను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్న ముసలామెను చూసి కండక్టరు ఊరుకోలేకపోయాడు.

"ఏమవ్వా, గిన్నెలో ఏముండాది?"

"నిన్నటిదాకా ఎలుగొడ్డుండె నాయనా. దాని కోసరమే పోతాండాం."

"దొరికితే వచ్చేటప్పుడు దానిక్కూడా టికెట్ తీయాల," అని ముందుకు పోయాడు.

మార్కెట్ వెనక ఇల్లు అడిగి అడిగి పట్టుకున్నాం. గిన్నెలాయన భార్య లోపల ఎవరినో కన్నడంలో కేకలేస్తూ వచ్చి, మాతో తెలుగులోకి తిరిగింది. మా చేతిలో గిన్నె చూడగానే ఆమె ముఖం గట్టిపడింది.

"ఇచ్చినాక వాపసు లేదక్కా. కారేది సూసుకుని తీసుకోవాల."

"కారేది కాదమ్మా, మా ఎంటికలు మాకు కావాల," అంది మా అత్త.

"ఎంటికలు వాపసు అడిగేటోళ్లను ఇప్పుడే సూస్తాండా."

నిన్నటి మూటలన్నీ తీసుకుని మొగుడు తెల్లారే ధర్మవరం పోయాడని చెప్పింది. అక్కడ ఒక గోడౌన్ ఉందట, చుట్టుపక్కల వెంట్రుకలన్నీ అక్కడికే చేరతాయట. ఫోన్ కలిపి మా అత్తకు ఇచ్చింది.

"ఏమప్పా, నేను పెనుకొండ నుంచి, పరుపుల ఇల్లు. నిన్న గిన్నె ఇచ్చినావే…"

"కారుతాందా? కారితే నాకు సంబంధం లేదు," అని ఆయన పెట్టేశాడు. మళ్లీ కలిపితే స్విచాఫ్.

ఆయన భార్య మాకు మజ్జిగ ఇచ్చింది, గోడౌన్ ఎక్కడుందో చెప్పింది. గొడవకు వచ్చామనుకుని కూడా మజ్జిగ ఇచ్చిన చేయి అది. దాన్ని అల్లా చల్లగా ఉంచాలి.

హిందూపురంలో ధర్మవరం రైలు ఎక్కాం. ఆ రైలు పెనుకొండ మీదుగానే పోతుంది. పొద్దున ఏ ఊరి నుంచి బయల్దేరామో అదే ఊర్లో ఆగితే, మా అత్త కిటికీలోంచి చూసి, "ఒక్క నిమిషం దిగి పాల మింద మూత సరిగా ఉందో లేదో సూసొస్తా," అంది. ఆమె కొంగు పట్టుకుని కూర్చున్నాను. కొండ మెల్లగా వెనక్కి జరిగింది. అమ్మాయి అది కనిపించినంతసేపు చూసి, కనిపించకుండా పోయాక తల దించుకుంది. నేను మనసులో దువా చేస్తూ కూర్చున్నాను. పెద్ద మాటలేమీ రాలేదు. 'యా అల్లా, ఆయప్ప ఇంకా డబ్బా మూత తీసి ఉండకూడదు,' అంతే.

ధర్మవరంలో పట్టు చీరల అంగళ్లు దాటి, సందులోకి తిరిగితే గోడౌన్. లోపల వెంట్రుకలు గడ్డివాములా పోసి ఉన్నాయి. చుట్టూ ఆడవాళ్లు కూర్చుని చిక్కులు తీస్తున్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది. నడుమ గిన్నెలాయన, గోడౌన్ యజమాని గట్టిగా వాదించుకుంటున్నారు. యజమాని చేతిలో మా బిస్కెట్ల డబ్బా.

"పైన నాలుగు ముసలామె ఎంటికలు, కింద కొబ్బరి పీచు. నన్ను మోసం చేస్తాండావా అబ్బా?"

"పీచు కాదన్నా. పెనుకొండలో సదువుకునే పాప తలవి. ఆ పాపను నేను నా కండ్లతో సూసినా, మిద్దె మింద ఉంటాది."

"ఇట్లా తల ఉండే పాపను నాకు సూపించు."

అప్పుడే మేం గుమ్మంలో నిలబడ్డాం. గిన్నెలాయన అమ్మాయిని చూసి, "వచ్చింది సూడన్నా, నేను సెప్పలే," అన్నాడు. యజమాని అమ్మాయి తలను పరీక్షగా చూశాడు. ఆముదం పెట్టిన తల నిగనిగలాడుతోంది. ఎవరు పరువు నిలబెట్టుకున్నారో ఎవరు పోగొట్టుకున్నారో తేలలేదు.

"కవర్లు ఎన్ని విప్పారండీ?" అమ్మాయికి అదొక్కటే కావాలి.

ఒక్కటే విప్పాడు. పేపరు మీద పోసి చూస్తుంటే ఫ్యాను గాలికి లేచి ఆ వాములో కలిసిపోయాయి. అమ్మాయి పోయి ఆ ఖాళీ కవరు తీసి, మీద రాసింది చదివింది. "ఈ చెట్టు పోయింది," అంది చిన్నగా. మిగతా కవర్లన్నీ డబ్బాలో ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

"అవి నా తలవి కావండి, ఎలుగుబంటివి. ల్యాబుకు పోవాలి. అనుమతి లేకుండా ఇలాంటివి కొనకూడదు, అమ్మకూడదు, దగ్గర పెట్టుకోకూడదు."

యజమాని డబ్బాను వెంటనే కింద పెట్టి, కాలితో అమ్మాయి వైపు నెట్టాడు. గిన్నెలాయన, "ఆ అవ్వ ఇచ్చింది, నాకేం తెలీదు," అన్నాడు. పని అయిపోయిందనుకున్నాను. కానీ చిక్కులు తీస్తున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు.

"నిజంగా ఎలుగొడ్డువేనా పాపా?"

"ఒక్కటియ్యి తల్లీ. మా బిడ్డ నిద్దర్లో ఉలిక్కిపడతాది. తాయెత్తులో పెట్టి కడతా."

"నాకూ ఒకటి. మా మనవనికి భయం."

మా వైపు ఎలుగుబంటి వెంట్రుక తాయెత్తులో కడితే పిల్లలకు భయం పోతుందంటారు. ఇంతసేపూ కొబ్బరి పీచు అన్నదే, మాట తెలిసేసరికి మందైంది. అమ్మాయి డబ్బాను గుండెకు అదుముకుని వెనక్కి జరుగుతోంది, వాళ్లు ముందుకు జరుగుతున్నారు. అందరూ మంచివాళ్లే, అందరికీ ఒకటే కావాలి. అందరికీ ఒకటి ఇస్తే డబ్బాలో కాగితాలే మిగులుతాయి.

మా అత్త నడుమకు వచ్చింది. "పెనుకొండకు రాండి. కొండ సూపిస్తా. ఎలుగొడ్డు ఆడనే ఉంటాది. భయం లేనోళ్లు పోయి పీక్కోండి."

ఎవరో నవ్వారు. మిగతావాళ్లూ నవ్వారు. కానీ ఉలిక్కిపడే బిడ్డ తల్లి నవ్వలేదు. నేను ఆమె దగ్గరికి పోయి, "బిడ్డ పేరు చెప్పమ్మా, దువా చేస్తాను," అన్నాను. ఆమె చెప్పింది. ఆమెను చూసి ఇంకొకామె చెప్పింది, ఆ తర్వాత వరసగా అందరూ చెప్పారు. ఒకామె నిద్దర్లో ఉలిక్కిపడే మొగుని పేరు కూడా చెప్పింది. అన్నీ గుర్తుపెట్టుకున్నాను. ఒకటి రెండు తప్పిపోయి ఉంటే, నేను మరిచినా ఆయన మరవడు.

బయటికి రాబోతుంటే గిన్నెలాయన అడ్డం వచ్చాడు. "ఎంటికలు మీకే వచ్చె. నా గిన్నె?"

మా అత్త కొంగు కింద నుంచి తీసి ఇచ్చింది. ఆయన వెలుతురులో తిప్పి చూశాడు. "వాడినట్లుండావే అవ్వా."

"ఒక్కతూరి చారు కాచినా."

"వాడిన గిన్నె నేనెట్ల ఇయ్యాల ఇంకొకరికి?"

"నువ్వు తీసుకునేటివన్నీ వాడిన ఎంటికలే కదప్పా. గిన్నె వాడితే ఏమొచ్చె?"

ఆయన గిన్నెను చంకలో పెట్టుకున్నాడు. మూత సంగతి అడిగితే, పెనుకొండకు వచ్చినప్పుడు ఇస్తాలే, పాలు అయిపోనీ అంది.

స్టేషన్ వైపు నడుస్తుంటే అమ్మాయి తేలిగ్గా అడుగులు వేస్తోంది. మా అత్త మాత్రం వెనకబడుతోంది. ఆమె వెనకబడడం నేను ఎన్నడూ చూడలేదు.

"పాపా, ఒక మాట. కోప్పడవు గదా."

"లేదవ్వా."

"ఆ కవర్లలో రవ్వంత రవ్వంతే ఉండె. వాడు చిన్న గిన్నె సూపిస్తాండె. నీకు పెద్ద గిన్నె రావాలని, ఒక్కో కవర్లో నా ఎంటికలు కొంచెం పైన ఏసినా."

గోడౌన్‌లో యజమాని అన్న ముసలామె వెంట్రుకలు ఎవరివో అప్పుడు తెలిసింది.

అమ్మాయి నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఆటోవాడు హారన్ కొట్టి పక్కకు పోయాడు. అన్ని కవర్లలోనా అని అడిగింది. అన్నింట్లో అంది మా అత్త, తక్కువ చేసి ఇచ్చే అలవాటు తనకు లేదని కూడా చెప్పింది.

అమ్మాయి అక్కడే నిలబడి సారుకు ఫోన్ చేసింది. గిన్నె నుంచి ఆముదం దాకా మొత్తం చెప్పింది. తర్వాత స్పీకరులో ఒకే ప్రశ్న వినిపించింది.

"ఆ పెద్దావిడ జుట్టు ఏ రంగు?"

అమ్మాయి తిరిగి మా అత్తను చూసింది. సాయంత్రం ఎండలో మా అత్త తల నిప్పుల కుంపటిలా ఉంది.

"నారింజ రంగు సార్."

"దేవుడున్నాడు," అన్నాడు సారు. ఆ మాటకు నేను ఎంత సంతోషించానో ఆయనకు తెలియదు. నారింజవి అన్నీ ఏరి తీసెయ్యమన్నాడు. పెద్దావిడ తల నుంచి మొదలుతో సహా నాలుగు వెంట్రుకలు పీకి వేరే కవరులో పంపమన్నాడు, ఏరడంలో ఏమైనా మిగిలితే అవి ఎవరివో ల్యాబువాళ్లు కనుక్కుని పక్కన పెట్టేస్తారట.

రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద ఆ పని జరిగింది. అమ్మాయి తొడుగులు వేసుకుని, తెల్ల కాగితం పరిచి, ఒక్కో కవరు విప్పి, పట్టకారుతో నారింజవి లాగుతోంది. మా అత్త చేతులు వెనక్కి కట్టుకుని, ముక్కు కాగితానికి ఆనించి చూస్తోంది.

"అది నాది. అదీ నాదే. ఆ పక్కది ఎలుగొడ్డుది, దాన్ని ఇడిసిపెట్టు."

"ఊపిరి వదలకవ్వా, ఎగిరిపోతాయి."

"ఎంతసేపు బిగబట్టాల?"

నేను బెంచీ పక్కన తువ్వాలు పరుచుకుని సాయంత్రపు అసర్ నమాజు చేసుకున్నాను. దువాలో గోడౌన్ పిల్లల పేర్లన్నీ చెప్పాక, 'నారింజవి నారింజవాటితో, నల్లవి నల్లవాటితో చేర్చు స్వామీ,' అని అడిగాను. గోరింటాకు పుట్టించినందుకు కూడా కృతజ్ఞత చెప్పుకున్నాను. అంతకు ముందు దాన్ని గురించి ఎప్పుడూ చెప్పుకోలేదు.

చివరి కవరు మడిచేసరికి రైలు కనిపించింది. అప్పుడు మా అత్త తల వంచింది. "పీకు పాపా. నాలుగే కదా, పది పీకు. తక్కువైతే మళ్లీ ఎవురు పోతారు." అమ్మాయి నాలుగే పీకింది. కవరు మీద చెట్టు గుర్తు రాసే చోట ఏమి రాయాలో ఒక్క క్షణం ఆలోచించి, 'అవ్వ' అని రాసింది. రైలు ఎక్కి తలుపు దగ్గర నిలబడి, డబ్బాను చంకలో పెట్టుకుని, కనిపించినంతసేపు చేయి ఊపింది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. నేను దిండ్లలో దూది కూరుతున్నాను. అమ్మాయే చేసింది. వెంట్రుకలు పనికొచ్చాయి. మా కొండ మీద ఎలుగుబంట్లు ఉన్నాయి, ఒకటి కాదు. ఒక తల్లి, దాని పిల్ల కూడా ఉన్నాయని మొదళ్లు చూసి చెప్పారట. సారు కొండను పటంలో ఎక్కించాడు. ఆ పటాన్ని అటవీశాఖ వాళ్ల ముందు పెట్టారు, రాళ్లు కొట్టే అర్జీని పక్కన పెట్టారు.

దూది చేతులతోనే అక్కడికక్కడ సజ్దా చేశాను. నుదుటికి దూది అంటుకుంది. కొండ మీద ఒక తల్లి పిల్లను వెంటబెట్టుకుని, ఈ గొడవలేవీ తెలియకుండా, ఏ చెట్టుకో వీపు రుద్దుకుంటూ ఉంటుందని తలుచుకుంటే నాకు కండ్లలో నీళ్లు తిరిగాయి.

మా అత్త మిరపకాయల చెయ్యి దులుపుకుంటూ వచ్చి ఫోను ముందు కూర్చుంది.

"అదంతా సరే పాపా. నాది ఏమన్యారు?"

"మీదా అవ్వా? అవి మనిషివేనని చెప్పారు."

మా అత్త ఫోనుకు ఇంకా దగ్గరగా జరిగింది.

"కాయితం మింద రాసిచ్చినారా?"

"రాశారవ్వా. స్టాంపు వేసి ఇచ్చారు."

"అట్లయితే ఒక జెరాక్స్ పంపు. మడకశిరలో మా అల్లునికి సూపించాల. ఆయప్పకు శానా నాళ్లుగా అనుమానం ఉండాది."